ప్రభుత్వం అనుమతించిన పందెం సురక్షితమేనా?

కుటుంబ వేదిక



ఆదివారం ఆరాధన ముగిశాక చెట్టు నీడన నిలబడి మాట్లాడుకునే మన యువకుల నోట ఈ మధ్య ఒక ప్రశ్న వినబడుతోంది. "కోడిపందెం, పేకాట తప్పంటారు, సరే. ఇంగ్లాండులో అయితే పందేలకు ప్రభుత్వమే లైసెన్సు ఇస్తుంది కదా! వాళ్ళు దుకాణం పెట్టుకొని, పన్ను కట్టి నడుపుకుంటున్నారు. ప్రభుత్వం ఒప్పుకున్నదానిలో మోసమేముంటుంది?" అని.

చదువు కోసం పిల్లల్ని బ్రిటన్ పంపిన తల్లిదండ్రులకు ఈ ప్రశ్న మరీ దగ్గరది. అక్కడ వీధి మలుపులో కనబడే పందెపు దుకాణం గాని, చేతిలోని ఫోనులో ఉండే పందెపు యాప్ గాని చట్టం ప్రకారం నడిచే వ్యాపారాలే. వాటిలో అడుగు పెట్టినవాడిని పోలీసులు పట్టుకోరు. "ఇక్కడ ఇది నేరం కాదు నాన్నా" అని కొడుకు ఫోనులో అంటే తండ్రి దగ్గర జవాబు ఉండాలి. "తప్పు, పాపం" అని ఒక్క మాటతో కొట్టిపారేస్తే పిల్లవాడు నోరు మూసుకుంటాడు గాని మనసు మార్చుకోడు. కాబట్టి ఆ లైసెన్సు వ్యాపారం ఎలా నడుస్తుందో, ఆడేవాణ్ణి అది ఎంతవరకు కాపాడుతుందో, ఎక్కడ కాపాడలేదో ఈ నెల ఉన్నదున్నట్టు తెలుసుకుందాం.

అక్కడ లైసెన్సు ఎందుకు వచ్చింది?

ఇంగ్లాండులో కూడా ఒకప్పుడు నిషేధమే ఉండేది. 1906లో వచ్చిన చట్టం వీధిలో పందేలు కాయడాన్ని నేరం చేసింది. అయితే గుర్రపు పందేల మైదానానికి వెళ్ళి కాసేవారికీ, బుకీ దగ్గర ఖాతా ఉండి అరువు మీద కాయగలిగిన కలవారికీ అడ్డు లేదు. ఫ్యాక్టరీ కూలీ తన కాసిని చిల్లర డబ్బులు నగదుగా కాస్తేనే నేరం. అందుచేత బుకీల మనుషులు సందుల్లో తిరిగి రహస్యంగా చీటీలు, డబ్బులు పోగు చేసేవారు. పోలీసులు పట్టుకోవడం, కొందరు మామూళ్ళు తీసుకొని వదిలేయడం, ఇదే తంతు. మన పల్లెల్లో మట్కా చీటీలు చూసినవారికి ఈ కథ కొత్తగా ఉండదు.

చివరికి 1960లో పార్లమెంటు చట్టం మార్చింది. 1961 మే 1 నుండి లైసెన్సు గల పందెపు దుకాణాలు తెరిచారు. ఒక విశేషం చూడండి. ఆ దుకాణాలు ఆకర్షణీయంగా ఉండకూడదని ప్రభుత్వమే కోరుకుంది. లోపలిది బయటికి కనబడకూడదు, లోపల కూర్చొని కాలక్షేపం చేసే సదుపాయం ఉండకూడదు. వచ్చినవాడు కాసి వెళ్ళిపోవాలి. అంటే "కాసేవాడు ఎలాగూ కాస్తాడు, వాడిని దొంగల చేతిలో పడనివ్వకుండా చూద్దాం, కాని కొత్తవాడిని పిలవకూడదు" అన్నది ఆ నాటి ఆలోచన.

ఇప్పుడు అక్కడ అమలులో ఉన్న ముఖ్యమైన చట్టం 2005 నాటిది. అది 2007 సెప్టెంబరు 1 నుండి పూర్తిగా అమలులోకి వచ్చింది. బర్మింగ్‌హామ్ నగరంలో కార్యాలయం ఉన్న గ్యాంబ్లింగ్ కమిషన్ ఈ వ్యాపారం మీద కాపలా కాస్తుంది. ఆ చట్టం మూడు లక్ష్యాలు పెట్టుకుంది. పందెం నేరాలకు ఆధారం కాకూడదు. ఆట న్యాయంగా, దాపరికం లేకుండా జరగాలి. పిల్లలకు, బలహీనులకు హాని కలగకూడదు.

బుకీకి లాభం ఎక్కడ నుండి వస్తుంది?

ముందుగా ఈ లెక్క అర్థం చేసుకోవాలి. ఎందుకంటే లైసెన్సు ఉన్నా లేకపోయినా ఇది మారదు.

రెండు సమాన బలం గల క్రికెట్ జట్లు ఆడుతున్నాయనుకోండి. ఎవరు గెలిచే అవకాశమైనా సగం సగం. న్యాయంగా అయితే 100 రూపాయలు కాసి గెలిచినవాడికి, కాసిన దానితో కలిపి 200 రావాలి. బుకీ 200 ఇవ్వడు, 190 ఇస్తానంటాడు. ఒకడు ఒక జట్టు మీద 100, మరొకడు రెండో జట్టు మీద 100 కాశారు. బుకీ పెట్టెలో 200 పడ్డాయి. ఎవరు గెలిచినా ఇచ్చేది 190. మిగిలిన 10 అతనివి. ఆట ఎవరు గెలిచారన్న బెంగ అతనికి లేదు. బెంగంతా కాసినవాళ్ళదే.

"నూటికి అయిదే కదా పోయేది" అనవచ్చు. అక్కడే ఉంది మెలిక. ఒక్కసారి కాసి మానేసేవాడు అరుదు. వచ్చినదాన్ని మళ్ళీ కాస్తాడు. ప్రతిసారీ నూటికి అయిదు చొప్పున తరిగితే, పదిసార్లు తిప్పేసరికి 100 రూపాయలు సగటున సుమారు 60 అవుతాయి. ఒకరిద్దరు గెలిచి ఊరంతా చెప్పుకుంటారు, తక్కినవారు పోగొట్టుకొని మాట్లాడకుండా ఉంటారు. అందుకే గెలుపు కథలే మన చెవిన పడతాయి.

మలక్‌పేట వంటి గుర్రపు పందేల మైదానాల్లో టోట్ అని మరో పద్ధతి ఉంది. అక్కడ అందరి డబ్బూ ఒక్క చోట వేసి, నిర్వాహకుల వాటా, పన్ను తీసేసి, మిగిలింది గెలిచినవారికి పంచుతారు. బ్రిటన్‌లో ఇంటర్నెట్ మీద మరొక రకం సంత కూడా ఉంది. అక్కడ కాసేవారే ఒకరితో ఒకరు పందెం వేసుకుంటారు, నడిపే కంపెనీ గెలిచినవాడి లాభంలో కమిషన్ తీసుకుంటుంది. పద్ధతి ఏదైనా ఒక్క మాట గుర్తుంచుకోండి. పందెం పంట పండించదు, పాలు పితకదు. గెలిచినవాడి చేతికి వచ్చే ప్రతి రూపాయీ ఓడినవాడి జేబులోనిదే, అదీ నడిపేవాడి వాటా పోగా.

లైసెన్సు వల్ల కలిగే రక్షణ

అలాగని ఆ దేశపు చట్టాన్ని చులకన చేయకూడదు. నిషేధం చాటున నడిచే పందెంలో లేని రక్షణలు అక్కడ కొన్ని ఉన్నాయి.

1. ఎవరు నడుపుతున్నారో తెలుస్తుంది. కంపెనీకి లైసెన్సు, ముఖ్యమైన మేనేజర్లకు విడిగా లైసెన్సు, దుకాణం ఉన్న చోటుకు స్థానిక కౌన్సిల్ అనుమతి ఉండాలి. 2014లో చేసిన చట్టం ప్రకారం, కంపెనీ ఏ దేశంలో ఉన్నా బ్రిటన్ ప్రజలతో వ్యాపారం చేయాలంటే బ్రిటన్ లైసెన్సే తీసుకోవాలి.

2. గెలిచిన డబ్బు అడిగే హక్కు ఉంది. అంతకు ముందు అక్కడా పందెపు బాకీకి కోర్టులో విలువ లేదు. 2005 చట్టం ఆ స్థితి మార్చింది. కంపెనీతో తగాదా వస్తే ముందు కంపెనీకే ఫిర్యాదు చేయాలి. ఎనిమిది వారాల్లో తేలకపోతే బయటి మధ్యవర్తి సంస్థకు వెళ్ళవచ్చు. కస్టమరుకు ఖర్చు ఉండదు.

3. వయసు చూస్తారు. ఇంటర్నెట్ మీద ఆడేవారి పేరు, వయసు రూఢి చేసుకోకుండా డబ్బు వేయనివ్వకూడదని 2019 మే నుండి నియమం. 18 ఏళ్ళు నిండనివారికి పందెం నిషేధం.

4. అప్పు మీద ఆట తగ్గించారు. 2020 ఏప్రిల్ 14 నుండి క్రెడిట్ కార్డుతో పందెం కాయడాన్ని నిషేధించారు.

5. దెబ్బ తీవ్రత తగ్గించారు. పందెపు దుకాణాల్లో ఉండే కొన్ని మిషన్ల మీద ఇరవై సెకన్లకోసారి 100 పౌండ్లు కాసే వీలు ఉండేది. ఎన్నో కుటుంబాలు మొర పెట్టుకున్న మీదట 2019 ఏప్రిల్ 1 నుండి దాన్ని 2 పౌండ్లకు దించారు. 2025లో ఇంటర్నెట్ స్లాట్ ఆటలకు కూడా హద్దు పెట్టారు. 25 ఏళ్ళు దాటినవారికి ఒక తిప్పుకు 5 పౌండ్లు, 18 నుండి 24 ఏళ్ళ వారికి 2 పౌండ్లు మించకూడదు. పడుచువారికి ప్రమాదం ఎక్కువ అని చట్టమే ఒప్పుకున్నదన్నమాట.

6. మానుకోవాలనుకునేవాడికి తలుపు మూసే ఏర్పాటు ఉంది. గ్యామ్‌స్టాప్ అనే ఉచిత పథకంలో పేరు నమోదు చేసుకుంటే, లైసెన్సు ఉన్న ఇంటర్నెట్ కంపెనీలేవీ అతనిని ఆడనివ్వకూడదు. ఆరు నెలలు, ఏడాది, అయిదేళ్ళు, ఏది కావాలంటే అది ఎంచుకోవచ్చు. మధ్యలో మనసు మారినా గడువు తీరేదాకా రద్దు కాదు. కంపెనీలన్నీ ఇందులో చేరడం 2020 మార్చి 31 నుండి తప్పనిసరి. దుకాణాలకు ఇలాంటి ఏర్పాటు వేరుగా ఉంది.

7. ఆటలో మోసం చేస్తే నేరం. అనుమానం కలిగించే పందేలను కంపెనీలు కమిషన్‌కు తెలియజేయాలి. 2010 ఆగస్టులో లార్డ్స్ మైదానంలో కావాలని నోబాల్స్ వేసిన వ్యవహారం మన క్రికెట్ అభిమానులకు గుర్తుండే ఉంటుంది. ఆ కేసులో ముగ్గురు పాకిస్తాన్ ఆటగాళ్ళకు 2011లో లండన్ కోర్టు జైలుశిక్ష వేసింది. వారి మీద మోపిన నేరాలలో పందెంలో మోసానికి కుట్ర చేయడం ఒకటి.

8. నష్టం చేసినవాడే ఖర్చు భరించాలి. 2025 ఏప్రిల్ నుండి పందెపు కంపెనీలు తమ రాబడిలో కొంత భాగం తప్పనిసరిగా కట్టాలి. ఆ సొమ్ము వైద్యానికి, నివారణకు, పరిశోధనకు వెళుతుంది.

కంచెకు పడిన కన్నాలు

ఇన్ని నియమాలుంటే ఇక భయమేమిటి? జరిగినవి చూడండి.

విలియం హిల్ అనేది ఆ దేశంలో పేరు మోసిన పాత కంపెనీ. 2023 మార్చిలో ఆ సంస్థల మీద గ్యాంబ్లింగ్ కమిషన్ 1 కోటి 92 లక్షల పౌండ్ల చర్య తీసుకుంది. కమిషన్ బయట పెట్టిన తప్పులలో ఒకటి ఇది. ఒక మనిషి కొత్తగా ఖాతా తెరిచి, ఎవరూ ఏమీ అడగకుండానే, ఇరవై నిమిషాల్లో 23,000 పౌండ్లు ఖర్చు చేశాడు. నియమం కాగితం మీద ఉంది. డబ్బు పోతున్న ఆ ఇరవై నిమిషాల్లో మాత్రం దానిని పట్టించుకున్నవాడు లేడు. కమిషన్ వచ్చేది ఆ తరువాతే. అంతకు ముందు ఏడాది 2022 ఆగస్టులో ఎంటైన్ అనే మరో పెద్ద కంపెనీ 1 కోటి 70 లక్షల పౌండ్లు చెల్లించవలసి వచ్చింది.

ఇంకొకటి ఫుట్‌బాల్ ఇండెక్స్ కథ. ఆ కంపెనీ ఫుట్‌బాల్ ఆటగాళ్ళ పేర్లతో "షేర్లు" అమ్మింది. ఆటగాడు బాగా ఆడితే "డివిడెండు" అన్నది. మాటలు షేర్ల బజారువి, పని పందెంది. దానికి గ్యాంబ్లింగ్ కమిషన్ లైసెన్సు కూడా ఉంది. "లైసెన్సు ఉంది కదా" అని నమ్మి జనం పొదుపు సొమ్ము పెట్టారు. 2021 మార్చిలో ఆ కంపెనీ డివిడెండు భారీగా కోసింది, ధరలు కుప్పకూలాయి, వ్యాపారం ఆగిపోయింది, కమిషన్ లైసెన్సును నిలిపివేసింది. కోట్ల పౌండ్లు ఇరుక్కుపోయాయి. ప్రభుత్వం వేయించిన స్వతంత్ర విచారణ 2021 సెప్టెంబరులో కమిషన్ పనితీరునూ తప్పుపట్టింది.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. బ్యాంకులో వేసిన డబ్బుకు ఉన్నట్టు, పందెపు ఖాతాలో వేసిన డబ్బుకు ప్రభుత్వ హామీ లేదు. కంపెనీ దివాలా తీస్తే కస్టమరు సొమ్ము ఏ మేరకు భద్రమో కంపెనీ ముందుగా చెప్పాలి, అంతే. "రక్షణ లేదు" అని చెప్పి కూడా వ్యాపారం చేయవచ్చు.

మరొక చేదు నిజం. తెలివిగా లెక్క వేసి తరచుగా గెలిచేవాడిని చాలా కంపెనీలు ఇష్టపడవు. అతను కాసే మొత్తానికి హద్దు పెడతాయి, కొన్నిసార్లు ఖాతా మూసేస్తాయి. మరి ఎవరికి ఆహ్వానాలు, ఉచిత పందేలు వచ్చేవి? ఓడిపోయేవాడికి. మన ఊరి కిరాణా కొట్టువాడు బేరమాడి తక్కువకు కొనేవాడిని వెళ్ళగొట్టడు. ఈ వ్యాపారం మాత్రం గెలిచేవాడికి తలుపు వేసి, ఓడేవాడికి కుర్చీ వేస్తుంది.

కాబట్టి లైసెన్సు చేసే పని ఏమిటంటే, ఆటలో దొంగతనం జరగకుండా చూస్తుంది. ఆట వల్ల ఇల్లు గుల్ల కాకుండా చూడడానికి ప్రయత్నిస్తుంది. అయితే మనం చెప్పుకున్న నూటికి అయిదు రూపాయల లెక్కను తీసేయదు, తీసేయలేదు. అది తీసేస్తే వ్యాపారమే ఉండదు.

మన దేశం సంగతి

మన రాజ్యాంగం ప్రకారం జూదం రాష్ట్రాల అధికారంలోని విషయం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1974లో గేమింగ్ చట్టం వచ్చింది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఇంటర్నెట్ జూదాన్ని కూడా నిషేధంలోకి తెచ్చాయి. గుర్రపు పందెం నైపుణ్యపు ఆట అని సుప్రీంకోర్టు 1996లో చెప్పింది. అందుకే అది అనుమతితో నడుస్తోంది.

2018 జూలైలో జాతీయ లా కమిషన్ తన 276వ నివేదికలో ఈ విషయం చర్చించింది. పందేలు మంచివి కావని చెబుతూనే, నిషేధాన్ని అమలు చేయలేకపోతే నియంత్రణ తప్ప మార్గం లేదని రాసింది. ఆధార్, పాన్ జత చేయాలనీ, నగదు లేకుండా నడవాలనీ, ఎంత కాయవచ్చో హద్దు ఉండాలనీ సూచించింది. పార్లమెంటు ఆ దారి పట్టలేదు. 2025 ఆగస్టులో ఆన్‌లైన్ గేమింగ్ చట్టాన్ని ఆమోదించి, నైపుణ్యమైనా అదృష్టమైనా, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. నడిపేవారికి మూడేళ్ళ వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రచారం చేసే సినిమా తారలకైనా, ఆటగాళ్ళకైనా రెండేళ్ళ వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా. ఆ చట్టం ఆడినవాడిని శిక్షించదు. రాష్ట్ర చట్టాలలో మాత్రం జూదం ఆడినవాడికీ శిక్ష ఉంది.

దీని భావం మన ఇళ్ళకు ఏమిటి? మన దేశంలో బుకీ దగ్గర కాసేవాడికి పైన చెప్పిన ఎనిమిది రక్షణలలో ఒక్కటీ లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షను ప్రకారం పందెపు ఒప్పందం చెల్లదు. గెలిచినవాడు కోర్టుకెక్కి వసూలు చేసుకోలేడు. ఓడినవాడు అందుకోసం చేసిన అప్పు మాత్రం వడ్డీతో సహా ఇంటి గుమ్మం ముందు నిలబడుతుంది. "మాకు విదేశీ లైసెన్సు ఉంది" అని చెప్పుకునే యాప్‌లు కూడా ఉన్నాయి.  మన ఊరి కుర్రవాడి ఫిర్యాదు అక్కడ తేలుతుందన్న నమ్మకం లేదు.

ఇంట్లో మనం చేయగలిగినవి

పిల్లలు బ్రిటన్‌లో ఉంటే, పందెం అలవాటైందని తెలిసిన రోజున ముందు తిట్లు వద్దు. గ్యామ్‌స్టాప్‌లో ఆ రోజే నమోదు చేయించండి. అక్కడి చాలా బ్యాంకులలో పందెపు చెల్లింపులను ఆపేసే సదుపాయం ఉంది, దానిని పెట్టించండి. 0808 8020 133 అన్న నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి మాట్లాడవచ్చు. వైద్యానికి ప్రభుత్వ ఆసుపత్రుల తరఫున ప్రత్యేక క్లినిక్కులు ఉన్నాయి. ఫీజు డబ్బు మళ్ళీ అడిగితే, పిల్లవాడి చేతికి కాక నేరుగా కాలేజీకే కట్టండి.

ఇక్కడ మన ఇళ్ళలో అయితే గుర్తులు గమనించండి. రాత్రి పొద్దుపోయేవరకు ఫోను, చిన్న చిన్న అప్పులు, లోన్ యాప్‌ల నుండి వచ్చే బెదిరింపు ఫోనులు, ఇంట్లో వస్తువు కనబడకపోవడం, ఉలికిపాటు. అప్పు ఒక్కసారి తీర్చేసి ఊరుకోకండి. తీర్చిన అప్పు మళ్ళీ కాయడానికి ధైర్యం ఇస్తుంది. బాకీలన్నీ ఒక కాగితం మీద రాయించండి. కొంతకాలం జీతం, ఏటీఎం కార్డు ఇంట్లో నమ్మకమైనవారి దగ్గర ఉంచండి. మోసపూరిత యాప్‌కు డబ్బు వెళ్ళిందని తెలిస్తే 1930కు వెంటనే ఫోను చేయండి. మనసు కుంగి ప్రాణం మీదికి తెచ్చుకునే మాటలు మాట్లాడుతుంటే ఒక్క క్షణం ఒంటరిగా వదలకండి. టెలిమానస్ 14416కు ఫోను చేస్తే ఏ వేళనైనా, తెలుగులోనే, ఖర్చు లేకుండా మాట్లాడతారు.

సంఘ పెద్దలకు ఒక మనవి. పందెంలో పోగొట్టుకున్నవాడి పేరు ప్రార్థన కూటంలో చర్చకు రానివ్వకండి. సిగ్గు భయంతోనే చాలామంది చివరి నిమిషం వరకు దాస్తారు. ఇద్దరు పెద్దమనుషులు సాయంత్రం ఇంటికి వెళ్ళి, కూర్చొని, ఒక గ్లాసు మంచినీళ్ళు అడిగి తాగి, మాట కలిపితే జరిగే మేలు పెద్దది.

ఇప్పుడు మన యువకుల ప్రశ్నకు జవాబు చెప్పుకుందాం. ప్రభుత్వం అనుమతించిన పందెంలో మోసం తక్కువ, నిజమే. కాని నష్టం మోసం వల్లనే రాదు. నిజాయితీగా లెక్క కట్టి, రశీదు ఇచ్చి, పన్ను కట్టి కూడా ఒకడి జీతాన్ని పట్టుకుపోవచ్చు. చట్టం తలుపుకు గొళ్ళెం పెట్టగలదు. తలుపు లోపలికి అడుగు పెట్టాలా వద్దా అన్నది ఇంటి మాట. అన్నం ముందు కూర్చున్నప్పుడు ఆ 200, 190 లెక్క మీ పిల్లల చేతనే వేయించండి. వారే జవాబు చెబుతారు.

వచ్చే నెల మరో విషయంతో కలుసుకుందాం. దేవుడు మీ ఇంటిల్లిపాదినీ కాపాడును గాక.